చిన్న చిన్న చప్పుళ్లకే చిర్రెత్తుకొస్తోంది!

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఈ మధ్య ప్రతిదానికీ చిరాకే. మావారు హాల్లో కూర్చుని స్పీకర్ పెట్టి ఫోన్ మాట్లాడతారు. ఆఫీసులో పక్క సీటాయన పెన్ను టిక్కు టిక్కుమనిపిస్తూనే ఉంటాడు. ఎవరైనా చప్పుడు చేస్తూ నములుతుంటే అక్కడ కూర్చోలేను. గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ మెసేజులు చూస్తే ఒళ్లు మండుతుంది. నేనేదైనా చెబుతుంటే మావారు ఫోన్ చూస్తూ ‘ఊఁ’ అంటారు. ఇదేంటని అడిగితే నాకు చాదస్తం ఎక్కువైందంటున్నారు. లోపం నాలోనే ఉందా?

సలహా: చాదస్తమని నేననను. చప్పుడు చిన్నదా పెద్దదా అన్నదానికన్నా, దాన్ని ఆపడం మన చేతిలో లేకపోవడమే మనిషిని ఎక్కువ విసిగిస్తుంది. అమెరికన్ సైకాలజిస్టులు డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ కొందరికి పెద్ద రొద వినిపిస్తూ, భరించలేకపోతే ఈ బటన్ నొక్కి ఆపేయొచ్చని చెప్పారు. వాళ్లలో చాలామంది దాని జోలికే పోలేదు. అయినా తర్వాత ఇచ్చిన చిక్కు పనుల్లో, ఆ అవకాశం లేనివాళ్లకన్నా ఎక్కువ ఓపిక చూపించారు. ఆపగలమన్న ధీమాయే అంత పని చేసింది. మీకిప్పుడు కావాల్సింది అదే.

పెన్ను విషయం ఆయనకే నేరుగా చెప్పండి, కాకపోతే చప్పుడు చేస్తున్నప్పుడు కాదు, మామూలుగా మాట్లాడుకునేటప్పుడు. తన చెయ్యి ఆ పని చేస్తోందని బహుశా ఆయనకే తెలియదు. గుడ్ మార్నింగులకు మ్యూట్ ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

స్పీకర్ ఫోన్ దగ్గర మాత్రం ఒక తిరకాసుంది. ‘స్పీకర్ తీసేయండి’ అంటే మీకు ఇంకా చిరాకెయ్యొచ్చు. ఇద్దరి మాటలూ వినిపించేటప్పటికన్నా ఒకవైపు మాటలే వినిపిస్తే మన ధ్యాస ఎక్కువ చెదురుతుందని 2010లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అవతలివాళ్లు ఏమంటున్నారో ఊహించుకునే పనిలో మెదడు పడిపోతుంది. అందుకే, ఫోన్ వస్తే గదిలోకి వెళ్లి మాట్లాడమని అడగండి.

నమిలే చప్పుడు వినగానే గుండె దడ, పట్టలేని కోపం, లేచి వెళ్లిపోవాలన్నంత బాధ కలుగుతుంటే అది మిసోఫోనియా కావచ్చు. 2001లో ఈ పేరు పెట్టారు. ఇది నిజమైన ఇబ్బందే, మీ పొగరు కాదు. సైకాలజిస్టునో, వినికిడి నిపుణుడినో కలవండి. ఈలోగా తినేటప్పుడు సన్నగా సంగీతం పెట్టుకుంటే కాస్త నయం.

ఇక మీరు చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేసిన సంగతి. మిగతావన్నీ చిరాకులు. మీరు మాట్లాడుతుంటే ఆయన ఫోన్ చూస్తూ ‘ఊఁ’ అనడం మాత్రం మనసు నొప్పించే విషయం. దాన్ని పెన్ను చప్పుడు పక్కన పెట్టి చెబితే ఆయనకు అన్నీ ఒకటే సణుగుడులా వినిపిస్తాయి. బహుశా ‘చాదస్తం’ అన్న మాట అలాగే వచ్చి ఉంటుంది. నన్నడిగితే, ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, ‘మీరు ఫోన్ చూస్తూ ఊఁ కొడితే నా మాటకు విలువ లేదనిపిస్తోంది. రోజూ కాసేపు ఫోన్ పక్కన పెట్టి నాతో మాట్లాడండి’ అని అడగండి. ‘మీరెప్పుడూ ఇంతే’ అని మొదలుపెట్టొద్దు. ఆ రోజు మాత్రం స్పీకర్ ఫోన్ ఊసెత్తకండి, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.