టనెల్ వేశారు సరే, తలుపు ఎవరి కోసం తీస్తున్నారు?

ప్రశ్న: ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌కి ఉబుంటు ఎక్కించి ఇమ్మిచ్ (సొంత మిషన్‌లోనే ఫొటోలు దాచుకునే యాప్) పెట్టుకున్నానండీ, ఫ్యామిలీ ఫొటోలన్నీ అందులోనే. ఇంటి వైఫైలో బ్రహ్మాండంగా వస్తుంది. ఆస్టిన్‌లో ఉన్న మా అక్క కూడా చూస్తానంటే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చేవాళ్ళని లోపలి మిషన్‌కి పంపే సెట్టింగ్) పెట్టా, ఎంత తన్నుకున్నా రాలేదు. ఫ్రెండ్ చెప్పాడని క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ కమాండ్ కొడితే ఓ లింక్ వచ్చింది, అక్క చూసి తెగ సంబరపడింది, రాత్రి టెర్మినల్ మూసేసి పడుకున్నా, తెల్లారేసరికి లింక్ పోయింది, మళ్ళీ కొడితే వేరే లింక్ ఇచ్చింది. ఇది ఎప్పుడూ నడుస్తూ ఉండాలంటే ఏం చెయ్యాలి? – ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ముందు పోర్ట్ ఫార్వర్డింగ్ సంగతి, అందులో బహుశా మీ తప్పేం లేదు. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి నెట్ వైపు రౌటర్‌కి ఉన్న అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీ నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని మీతో పాటు ఇంకా చాలా ఇళ్ళకి పంచుతోందన్నమాట, దీన్నే సీజీనాట్ అంటారు. ఐపీవీ4 అనే పాతరకం నెట్ అడ్రస్‌లు మొత్తం కలిపితేనే 430 కోట్ల లోపు, ప్రపంచం మొత్తానికి పంచే ఖాతా 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయిపోయింది, అందుకే ఈ సర్దుబాటు. మీ రౌటర్‌లో మీరు తలుపు తీసినా వీధి గేటు తాళం కంపెనీ దగ్గరుంది.

టనెల్ పనికొచ్చేది ఇక్కడే. బయటినుంచి ఎవరూ మీ ఇంటికి రానక్కర్లేదు, మీ ల్యాప్‌టాపే బయటికి ఫోన్ చేసి ఆ కాల్ కట్ చెయ్యకుండా పట్టుకుని కూర్చుంటుంది, మీ అక్క లింక్ నొక్కితే క్లౌడ్‌ఫ్లేర్ ఆ కాల్‌లోంచే ఫొటో అడిగి తీసుకెళ్ళి ఇస్తుంది. మీకు వచ్చిన లింక్ టెస్టింగ్ కోసం ఇచ్చే తాత్కాలికపుది, రన్ చేసిన ప్రతిసారీ పేరు మారుతుంది. పేరు నిలవాలంటే సొంత డొమైన్ కొని క్లౌడ్‌ఫ్లేర్ అకౌంట్‌కి కలపండి, డాష్‌బోర్డ్‌లో టనెల్ క్రియేట్ చేస్తే ఓ టోకెన్ ఇస్తుంది, దాన్ని పెట్టి క్లౌడ్‌ఫ్లేర్డ్ సర్వీస్ ఇన్‌స్టాల్ కమాండ్ ఒక్కసారి కొట్టండి చాలు (క్లౌడ్‌ఫ్లేర్డ్ అంటే టనెల్ నడిపే ప్రోగ్రామ్). ఇక అది సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే మేనేజర్) చేతిలోకి వెళ్ళిపోతుంది, టెర్మినల్ మూసినా మిషన్ రీస్టార్ట్ అయినా తనంతట తనే లేస్తుంది. హోస్ట్‌నేమ్ సెట్టింగ్‌లో సర్వీస్ అన్నచోట లోకల్‌హోస్ట్ (అంటే అదే మిషన్) 2283 ఇవ్వండి, ఇమ్మిచ్ ఉండే పోర్ట్ అదే. టోకెన్ స్క్రీన్‌షాట్ మాత్రం సాయం కోసమని ఎవరికీ వాట్సాప్ చెయ్యొద్దు, అది తాళంచెవే.

ల్యాప్‌టాప్ కాబట్టి ఇంకోటి. మూత వేయగానే నిద్రపోతుంది, టనెల్ తెగుతుంది. లాగిన్‌డీ కాన్ఫిగ్ ఫైల్‌లో హ్యాండిల్ లిడ్ స్విచ్ అన్న లైన్‌ని ఇగ్నోర్ అని మార్చండి. ఎప్పుడైనా పేజీ రాకపోతే ఎర్రర్ నంబర్ చూడండి: 1033 అంటే టనెల్ సర్వీసే ఆగింది, 502 అంటే టనెల్ బానే ఉంది గానీ ఇమ్మిచ్ దొరకట్లేదు. క్లౌడ్‌ఫ్లేర్డ్‌ని డాకర్‌లో, అంటే కంటెయినర్ అనే విడి డబ్బాలో, నడిపేవాళ్ళకి ఈ 502 ఎక్కువ వస్తుంది, ఎందుకంటే కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే, మీ ల్యాప్‌టాప్ కాదు.

ఇప్పుడు అసలు మాట. టనెల్ అంటే రక్షణ అనుకునేవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు, నాకు నిజంగా భయమేస్తుంది. అది దారి మాత్రమేనండీ. నేను ఒకసారి పాస్‌వర్డ్ లేని టెస్ట్ పేజీ ఒకటి ఇలాగే బయటపెట్టా, ఎవరికీ లింక్ ఇవ్వలేదు, ఆ సాయంత్రమే లాగ్ తెరిస్తే డబ్ల్యూపీ లాగిన్ (వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ), డాట్ ఎన్వ్ (పాస్‌వర్డ్‌ల్లాంటివి దాచే ఫైల్) అంటూ ఎవరెవరో తడుముతున్న రిక్వెస్టులు వరసగా ఉన్నాయి. పైగా అన్నిటికీ ఐపీ 127.0.0.1 అనే ఉంది! ఎందుకంటే టనెల్ ప్రోగ్రామ్ అదే మిషన్‌లోంచి అడుగుతుంది కాబట్టి సర్వర్‌కి అందరూ ఇంట్లోవాళ్ళలాగే కనిపిస్తారు. లోకల్‌హోస్ట్ నుంచి వస్తే పాస్‌వర్డ్ అడగని యాప్‌లు కొన్ని ఉన్నాయి, వాటిని ఇలా బయటపెడితే ఊరందరికీ ఇంటి తాళం ఇచ్చినట్టే. అసలు ఐపీ సీఎఫ్ కనెక్టింగ్ ఐపీ అనే హెడర్‌లో (రిక్వెస్టుతో పాటు వచ్చే అదనపు సమాచారం) వస్తుంది, లాగ్‌లో దాన్ని చూపించుకోండి. ఇంకో సంగతి, మీ హెచ్‌టీటీపీఎస్ క్లౌడ్‌ఫ్లేర్ దగ్గర విప్పబడుతుంది, అంటే మధ్యలో వాళ్ళకి కనబడే అవకాశం ఉంది, ఫ్యామిలీ ఫొటోల విషయంలో మీకది ఓకేనా కాదా అనేది మీరే తేల్చుకోవాలి.

అందుకే నా సలహా సూటిగా చెప్తా. చూసేది అక్క, బావగారు, ఇంకో ఇద్దరే అయితే పబ్లిక్‌గా పెట్టకండి, టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్ యాప్ మీ మిషన్‌లో, వాళ్ళ ఫోన్లలో వేస్తే సీజీనాట్ ఉన్నా నడుస్తుంది, బయటోళ్ళకి తలుపే ఉండదు. లేదు, అక్క బ్రౌజర్‌లోనే చూస్తానంటే టనెల్ ముందు క్లౌడ్‌ఫ్లేర్ యాక్సెస్ పెట్టండి, మీరు రాసిచ్చిన ఈమెయిల్‌కే ఓటీపీ వెళ్తుంది, 50 మంది దాకా ఫ్రీ. కానీ యాక్సెస్ పెట్టాక ఇమ్మిచ్ మొబైల్ యాప్ ఆ ఓటీపీ పేజీ దగ్గర ఆగిపోతుంది, దానికి సర్వీస్ టోకెన్ (ఓటీపీ బదులు యాప్ చూపించే తాళంచెవి) తీసుకుని యాప్ సెట్టింగ్స్‌లో హెడర్లుగా ఇవ్వాలి. ఫ్రీ ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్ 100 ఎంబీ దాటితే 413 ఎర్రర్, కాబట్టి పెళ్ళి వీడియోల్లాంటివి ఇంట్లో వైఫై మీదే ఎక్కించండి.

ప్రశ్న: నాకు చిన్న వీపీఎస్ (అద్దెకి తీసుకున్న ఆన్‌లైన్ సర్వర్) ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ లేకుండా దాంతోనే చెయ్యొచ్చా? – ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: హాయిగా చెయ్యొచ్చమ్మా, నేర్చుకోడానికి అదే మంచిది కూడా. ఇంటి మిషన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మిషన్‌కి భద్రంగా కలిపే ప్రోగ్రామ్) మైనస్ ఆర్ తో వీపీఎస్‌కి రివర్స్ టనెల్ వెయ్యి, ఆ పోర్ట్‌ని వీపీఎస్ లోపలికే ఉంచి ముందు క్యాడీ అనే వెబ్ సర్వర్ పెడితే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటుంది. కమాండ్‌ని సిస్టమ్‌డీ యూనిట్‌గా రాసి రీస్టార్ట్ ఆల్వేస్ పెట్టు, సర్వర్ అలైవ్ ఇంటర్వల్ 30 ఇవ్వు, కనెక్షన్ బతికుందో లేదో 30 సెకన్లకోసారి చూసుకుంటుంది. ఎగ్జిట్ ఆన్ ఫార్వర్డ్ ఫెయిల్యూర్ ‘యెస్’ అని పెట్టడం మాత్రం మర్చిపోకు, నెట్ పోయి వచ్చినప్పుడు పాత సెషన్ ఇంకా ఆ పోర్ట్ పట్టుకుని ఉంటే కొత్త కనెక్షన్ పైకి బానే ఉన్నట్టు కనిపిస్తుంది, సైట్ మాత్రం రాదు. ఈ లైన్ ఉంటే అది వెంటనే చచ్చిపోయి సిస్టమ్‌డీ మళ్ళీ ట్రై చేస్తుంది.