వికృతి కింద కనిపించే దిశాభేదం ఎలక్ట్రాన్లదా, స్ఫటికానిదా?

మహబూబ్‌నగర్‌లో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదువుతున్న మీరు అడిగినది క్లుప్తంగా ఇది: స్ఫటికాన్ని ఒక దిక్కుకు సాగదీసినప్పుడు, అంటే దానికి వికృతి కలిగించినప్పుడు, దాని సౌష్ఠవాన్ని మనమే చెడగొట్టినట్టు కదా, ఆ తర్వాత రెండు దిక్కులలో విద్యుత్ నిరోధం వేరువేరుగా వస్తే దానిని ఎలక్ట్రాన్ల సొంత గుణమని ఎలా అంటారు, ఆవేశ సాంద్రతా తరంగం (ఎలక్ట్రాన్ల ఆవేశం అలలా ఒకచోట దట్టంగా, మరొకచోట పలచగా పరుచుకోవడం) కూడా ఉన్న పదార్థంలో ఈ రెంటినీ ఎలా విడదీస్తారు? నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టక ముందు పరిశోధక విద్యార్థిగా నేను ఈ కొలతలే చేశాను కనుక, చేసి చూసిన మేరకు రాస్తున్నాను.

ముందుగా ఎలక్ట్రాన్లు తమంతట తాము ఒక దిక్కుకు ఒరిగే నెమాటిక్ స్థితికీ, ఆవేశ సాంద్రతా తరంగానికీ తేడా. పడుగూ పేకా ఒకే నూలుతో, ఒకే ఒత్తుతో నేసిన పోచంపల్లి బట్టను తీసుకోండి. దాని మీద పువ్వు ఏదీ లేకుండానే పడుగు దిక్కుకు ఒక తీరు, పేక దిక్కుకు మరో తీరు కనబడితే అది నెమాటిక్ స్థితి. కొన్ని పోగులకొకసారి ఒకే ఇక్కత్ పువ్వు తిరిగి తిరిగి వస్తే అది ఆవేశ సాంద్రతా తరంగం. మొదటిదానిలో పోయేది భ్రమణ సౌష్ఠవం (తిప్పి చూసినా ఒకేలా ఉండడం) మాత్రమే. రెండవదానిలో స్థానాంతరణ సౌష్ఠవం (పక్కకు జరిపినా ఒకేలా ఉండడం) పోతుంది, ఆ తరంగం ఒకే దిక్కున నిలిస్తే భ్రమణ సౌష్ఠవమూ దానితోపాటే పోతుంది. అందువల్లనే రెండూ ఒకే పదార్థంలో ఉన్నప్పుడు చిక్కు వస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. బేరియం ఐరన్ ఆర్సెనైడ్ అనే ఇనుప సమ్మేళనం దాదాపు 140 కెల్విన్ దగ్గర చతురస్ర నిర్మాణాన్ని వదిలి దీర్ఘచతురస్ర నిర్మాణానికి మారుతుంది. ఆ ఉష్ణోగ్రతకు పైన, వికృతి లేనప్పుడు, రెండు దిక్కుల నిరోధాలు సమానం. స్టాన్‌ఫర్డ్‌లో ఇయాన్ ఫిషర్ బృందం 2012లో చేసినదేమిటంటే, స్ఫటికాన్ని పీజోఎలక్ట్రిక్ దిమ్మె (వోల్టేజీ ఇస్తే కొద్దిగా సాగే దిమ్మె) మీద అతికించి, వోల్టేజీతో అతి స్వల్ప వికృతిని కలిగిస్తూ, నిరోధభేదం ఎంత ఉందని కాకుండా వికృతి మారిన కొద్దీ ఆ భేదం ఎంత వేగంగా మారుతోందని, అంటే వాలును, ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా కొలిచారు. అయాన్ల జాలకమే మూలకారణమై ఎలక్ట్రాన్లు దానిని అనుసరించేవే అయితే, ఒకే వికృతికి వచ్చే స్పందన ఉష్ణోగ్రతతో పెద్దగా మారనవసరం లేదు. కానీ చల్లబరిచిన కొద్దీ ఆ వాలు క్యూరీ-వైస్ నియమాన్ని (ఒక ఉష్ణోగ్రతకు దగ్గరయ్యే కొద్దీ స్పందన విపరీతంగా పెరుగుతుందనే, అయస్కాంతాలకు చెప్పే నియమాన్ని) అనుసరించి పెరుగుతూ పోయింది. కనుక మనం పెట్టిన వికృతి, ఫెర్రో అయస్కాంతానికి బయటి క్షేత్రం లాగా, ఒరగడానికి అప్పటికే సిద్ధంగా ఉన్న ఎలక్ట్రాన్ వ్యవస్థను ఒక వైపుకు నెట్టింది. నా దృష్టిలో మీ ప్రశ్నకు ప్రాణం ఇక్కడే ఉంది.

అయితే ఆ వాలును నమ్మాలంటే జిగురును నమ్మాలి. మిల్లీమీటరు పొడవున్న స్ఫటికపు పలకను సూక్ష్మదర్శిని కింద ఎపాక్సీతో అతికించేటప్పుడు ఆ పలక మందంగా ఉంటే దిమ్మె కదలిక పైపొర దాకా చేరదు, అందుకని దానిని కొన్ని పదుల మైక్రాన్లకు పలచబరుస్తాం. దిమ్మె రెండవ ముఖం మీద వికృతి మాపకాన్ని అంటిస్తాం, ఎందుకంటే ఒకే వోల్టేజీకి దిమ్మె సాగే పొడవు ఉష్ణోగ్రతతో మారిపోతుంది. ఇవన్నీ కుదిరాక కూడా ఒకే స్ఫటికంతో తీర్పు చెప్పకూడదు. విద్యుత్ ప్రవాహం వికృతి వెంట ఉండేలా ఒకటి, దానికి అడ్డంగా ఉండేలా ఒకటి అతికించి, రెండు వాలులనూ కలిపితే సౌష్ఠవ భాగం (రెండు దిక్కులకూ ఒకేలా వచ్చే మార్పు), ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే ప్రతిసౌష్ఠవ భాగం (రెండు దిక్కులకూ ఎదురెదురుగా వచ్చే మార్పు) తెలుస్తాయి. నెమాటిక్ స్వభావానికి సాక్ష్యం వెతకవలసింది ఈ రెండవ భాగంలోనే, అయితే అది ఉండటమే చాలదు, సంక్రమణం వైపు చల్లబరిచిన కొద్దీ అది పైన చెప్పినట్టు పెరగాలి.

ఆవేశ సాంద్రతా తరంగం ఉన్నచోట ఈ విభజన మరింత అవసరమని సీసియం వెనేడియం ఆంటిమొనైడ్ చూపింది. ఈ కగోమే లోహంలో (పరమాణువులు బుట్ట అల్లికలా త్రిభుజాలుగా అమరిన లోహంలో) దాదాపు 94 కెల్విన్ దగ్గర తరంగం ఏర్పడుతుంది. అక్కడి నుంచి కిందికి వికృతి స్పందన పెరగడాన్ని 2022లో ఒక బృందం నెమాటిక్ స్వభావంగా వివరించింది. 2024లో స్పందనను భాగాలుగా విడదీసి కొలిచినవారికి ప్రధానంగా కనిపించింది సౌష్ఠవ భాగమే, నెమాటిక్ అస్థిరతకు ఆధారం దొరకలేదు. వికృతి తరంగం ఏర్పడే ఉష్ణోగ్రతనే జరుపుతుంది కనుక, దిశతో సంబంధం లేకుండానే నిరోధం గట్టిగా మారగలదు. మీరు ఏ పరిశోధనా పత్రంలోనైనా ఇలాంటి గ్రాఫు చూస్తే, ముందుగా ఈ విభజన చేశారో లేదో వెతకండి.

వికృతి తరంగాన్ని కదిలించడమే కాదు, దాని స్వరూపాన్నీ మార్చగలదు. ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ అనే అతివాహకాన్ని ఒక అక్షం వెంట దాదాపు 1 శాతం నొక్కినప్పుడు, పొరల్లో కొద్ది దూరమే సాగే తరంగానికి తోడు మూడు దిక్కులా దీర్ఘంగా సాగే క్రమం ఏర్పడుతుందని 2018లో ఎక్స్-కిరణాలతో చూపారు.

క్రయోస్టాట్ (నమూనాను అతి చల్లగా ఉంచే పరికరం) లేని కళాశాలలో ఏం చేయగలమని మీరు చివర అడిగారు. పీ-రకం సిలికాన్ పలక నుంచి 110 దిశల వెంట రెండు సన్నని ముక్కలు కోసి, పీజో దిమ్మె మీద ఒకటి నిలువునా ఒకటి అడ్డంగా అతికించి, గది ఉష్ణోగ్రత దగ్గరే నిరోధం కొలవండి. ఒకటి పెరిగితే మరొకటి దాదాపు అంతే తగ్గుతుంది. స్పందన దాదాపు అంతా ప్రతిసౌష్ఠవమైనదే, చాలా పెద్దది కూడా, అయినా సిలికాన్ నెమాటిక్ పదార్థం కాదు. అందులో ధనావేశాన్ని మోసే రంధ్రాలు వికృతిని బట్టి శక్తి పట్టీల మధ్య సర్దుకుంటున్నాయి, అంతే తప్ప తమంతట తాము ఒక దిక్కుకు ఒరిగే సంక్రమణం వాటికి లేదు.