మీరు వదలాలనుకుంటున్నది సభనా, గురుత్వాన్నా?

ఫాదర్ గారూ, ప్రార్థనలో మనసు నిలవడం లేదు, సుపీరియర్ (మఠం పెద్ద) పిలిస్తేనే టెన్షన్, రాత్రిళ్లు నిద్ర లేదు, సభలోంచి, అంటే మన క్యాథలిక్ సన్యాసుల సంఘంలోంచి, బయటికి వచ్చే దారి చెప్పండి అని అడిగారు. నేనూ ఒక సభలో నిత్య మాటపట్టు (జీవితాంతం ఉండే సన్యాస ప్రమాణం) చేసి, గురువునై (పూజ చేసే ఫాదర్‌నై), ఆ తర్వాత బయటికి వచ్చినవాణ్నే. ఇప్పుడు ఒక మేత్రాసనంలో (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతంలో) విచారణ (స్థానిక చర్చి) చూసుకుంటున్నాను.

మీరు రాసినదాంట్లో పూజ చేయడం బరువైందని ఎక్కడా లేదు. ఉన్నదంతా మఠంలోవాళ్ల గురించి, ట్రాన్స్‌ఫర్ల గురించి, భోజనాల దగ్గర ఎవరూ పలకరించకపోవడం గురించి. నాకూ అంతే. మీకు కష్టమైంది గురుత్వం కాదేమో, మఠజీవితమేమో, ముందు అది తేల్చుకోండి, ఎందుకంటే రెండింటికీ దారులు వేరు. గురుత్వ బాధ్యతల నుంచి, బ్రహ్మచర్యం నుంచి విడుదల కావాలంటే పోపుగారే ఇవ్వాలి. సభ మాత్రమే వదిలి గురువుగా కొనసాగాలంటే మిమ్మల్ని తీసుకునే బిషప్ ముందే దొరకాలి, దొరక్కపోతే శాశ్వతంగా వెళ్లే అనుమతి రాదు. కొందరు బిషప్‌లు ముందు ప్రయోగాత్మకంగా తీసుకుంటారు. వద్దని చెప్పకుండా అయిదేళ్లు గడిస్తే చర్చి చట్టప్రకారం మీరు ఆ మేత్రాసనం గురువే.

అయితే శాశ్వత అనుమతి కోసం ఇప్పుడే రాయకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. నిద్రలేని మనిషి రాయాల్సిన ఉత్తరం కాదది. ముందు డాక్టర్ని కలవండి, డిప్రెషన్‌ను విశ్వాసలోపం అనుకుని మనవాళ్లు ఏళ్ల తరబడి నలిగిపోతారు, మందులతో తగ్గేదాన్ని పాపసంకీర్తనంలో చెప్పుకుంటూ ఉంటారు. ఆ తర్వాత ఎక్స్‌క్లాస్ట్రేషన్ అడగండి. మాటపట్టులు అలాగే ఉంటాయి, కానీ మఠం బయట ఉండొచ్చు. సభ అధిపతి తన సలహామండలి సమ్మతితో ఇస్తారు, మీరు ఉండబోయే చోటి బిషప్ కూడా ముందుగా ఒప్పుకోవాలి. ఒకప్పుడు మూడేళ్ల వరకే ఇచ్చేవారు, 2022లో పోప్ ఫ్రాన్సిస్ దాన్ని అయిదేళ్లు చేశారు. నాకు ఆ బయట ఉన్న కాలమే మేలు చేసింది. కోపం తగ్గాక కూడా వెళ్లాలనే కోరిక అలాగే ఉంది, అప్పుడే అది నిజమని నమ్మాను.

చెప్పకుండా మాత్రం వెళ్లిపోకండి. అనుమతి లేకుండా ఏడాదిపాటు వరసగా కనబడకపోతే 2019లో వచ్చిన సవరణ ప్రకారం సభ నుంచి తొలగించినట్టే అవుతుంది, ఆ ముద్రతో ఏ బిషప్ తలుపు తట్టినా కష్టం.

డబ్బు సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఇన్నేళ్లు చేసిన పనికి సభ నుంచి ఏదీ హక్కుగా అడగలేం, కానీ వెళ్లేవాడి పట్ల న్యాయంగా, దయగా నడుచుకోవాలని అదే చట్టం సభకు చెబుతోంది (కానన్ 702). ప్రొవిన్షియల్ గారితో (సభ ప్రాంతీయ అధిపతితో) మాట్లాడేటప్పుడు సిగ్గుపడకుండా అద్దె, మందుల ఖర్చు, మొదటి కొన్ని నెలల తిండి గురించి అడిగి, ఒప్పుకున్నది కాగితం మీద రాయించుకోండి.