రాత్రి రెండింటికి నడిచే స్క్రిప్టు గురించి

చిన్నోడా,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. ఆఫీసులో రోజూ గంటన్నర తినే ఫైళ్ల పనికి నువ్వే ఒక స్క్రిప్టు రాసి, ఇక దాన్ని కంప్యూటర్‌కి వదిలేస్తున్నావట. "వీడికి అన్నీ నీ పోలికలే" అన్నాడు. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక, "రాత్రి రెండింటికి దానంతటదే నడుస్తుందట, పాత ఫైళ్లు కూడా అదే చెరిపేస్తుందట" అన్న మాట గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. ఫైలు పేర్లలో తేదీని 2025-03-07 లాగా రాయి, ఏడాది, నెల, రోజు. అప్పుడు పేర్ల వరసే తేదీల వరస అవుతుంది. "ఫైనల్", "ఫైనల్ 2", "అసలు ఫైనల్" అని పెట్టే అలవాటు మానుకో. విండోస్ కీ, వీ కలిపి నొక్కితే అంతకుముందు కాపీ చేసినవి 25 దాకా కనిపిస్తాయి, మొదటిసారి ఆన్ చేసుకోవాలి. పాస్‌వర్డు కాపీ చేస్తే అదీ అక్కడే కూర్చుంటుంది, చూసుకో. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో పాత కమాండ్ కోసం పై బాణాన్ని ముప్పైసార్లు పొడవకు, కంట్రోల్ ఆర్ నొక్కి గుర్తున్న ముక్క టైప్ చెయ్యి. స్క్రిప్టులో పాస్‌వర్డు రాయకు. ఏడాదికోసారి వచ్చే పనికి స్క్రిప్టు రాస్తూ మూడు రోజులు కూర్చోకు (నేను కూర్చున్నాను).

ఇవన్నీ నీకు తెలిసినవే, నవ్వుకుంటూ చదువుతుంటావు. ఇక్కడి నుంచి నవ్వు ఆపు.

మీ తాతయ్య తన చిన్ననాటి సంగతులు చెబుతుంటే నేను 14 క్యాసెట్లలో రికార్డు చేశాను. నువ్వప్పటికి పుట్టలేదు. చాలా ఏళ్ల తర్వాత, టేపులు చిక్కులు పడడం మొదలయ్యాక, ఒక్కొక్కటీ ప్లే చేస్తూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, బయటి డిస్కులో పెట్టాను. ఎక్కాయి కదా అని క్యాసెట్లు పారేశాను. సరే, అది మొదటి తప్పు. అసలు తప్పు ఇంకా ఉంది.

డిస్కులో ఉన్నదంతా రోజూ రాత్రి రెండింటికి ఇంకో మెషిన్‌కి నకలు వెళ్లేలా స్క్రిప్టు రాశాను. దానికి ఫోల్డర్లని నకలు తీసే ఆర్‌సింక్ వాడాను, డిలీట్ ఆప్షన్ పెట్టాను. అంటే అసలులో లేనిది నకలులోనూ ఉండకూడదు, రెండూ అద్దంలో చూసుకున్నట్టు ఉండాలి. రెండేళ్లు గడియారంలా నడిచింది. స్క్రిప్టు తెర మీద ఏం చెప్పినా వేళకి దాన్ని నడిపే క్రాన్ ఆ మాటల్ని మెయిల్ చేస్తుంది కదా, రోజూ అదే మెయిల్ చూసి విసుగొచ్చి, వాటన్నిటినీ, వేసిందల్లా మాయమైపోయే డెవ్ నల్‌లోకి తోసేశాను. దాని నోరు నేనే కట్టేశానన్నమాట.

ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. మెషిన్ లేచింది, డిస్కు లేవలేదు. అది తగులుకోవాల్సిన ఫోల్డర్ మాత్రం ఎప్పటిలాగే అక్కడుంది, ఖాళీగా. రెండయింది. ఆర్‌సింక్ వచ్చి చూసింది, అసలులో ఏమీ లేదు. కాబట్టి నకలులోనూ ఏమీ ఉండకూడదు. అంతా తుడిచేసింది. చదువుతుండగా డిస్కు మొరాయించి ఉంటే ఆర్‌సింక్ లోపం గమనించి చెరపడం మానేసేది, దాని మామూలు పద్ధతే అది. కానీ ఖాళీ ఫోల్డర్ దాని లెక్కలో లోపం కాదు. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది. తొమ్మిది రోజుల తర్వాత ఆయన గొంతు వినాలనిపించి వెతికితే గాని నాకు తెలియలేదు. డిస్కు మళ్లీ లేవనేలేదు.

నా పాత ఫోన్‌లో 40 సెకన్ల ముక్క మిగిలింది. కథలో భాగం కాదని మొదటి క్యాసెట్ మొదట్లోంచి కోసి పక్కన పెట్టింది. అందులో ఆయన, "ఇది ఎక్కుతోందా అమ్మా?" అని అడుగుతాడు. "ఎక్కుతోంది నాన్నా, మీరు చెప్పండి" అంటాను నేను.

మీ నాన్నకి ఆర్నెల్ల తర్వాత చెప్పాను. "పోనీలే అక్కా" అన్నాడు.

కాబట్టి నీ స్క్రిప్టు దేన్నైనా చెరిపే ముందు, తాను చేరాల్సిన చోటికే చేరానా అని చూసుకోవాలి. ఇప్పుడు నా డిస్కులో "ఇక్కడే ఉన్నాను" అని ఒక ఖాళీ ఫైలుంటుంది. అది కనపడకపోతే స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. టెర్మినల్ కమాండ్ల భాష బ్యాష్‌లో సీడీ అనే కమాండ్‌తో ఫోల్డర్ మారమంటావు, ఆ ఫోల్డర్ లేకపోతే మారదు, కింది లైను మాత్రం ఉన్నచోటే చెరిపేసుకుంటూ పోతుంది. మారలేకపోతే ఆగమని ఆ లైనులోనే రాయి. స్క్రిప్టు మొదట్లో సెట్ మైనస్ యూ అనే లైను పెట్టు, విలువ ఇవ్వని వేరియబుల్ (విలువని దాచుకునే పేరు) తగిలితే నిలబడిపోతుంది. వేరియబుల్స్ చుట్టూ డబుల్ కోట్స్ పెట్టు, లేకపోతే పేరులో ఖాళీ ఉన్న ఒక్క ఫైలు దానికి రెండు ఫైళ్లుగా కనిపిస్తుంది. ఆర్‌ఎం కమాండ్ చెరిపింది రీసైకిల్ బిన్‌లో దొరకదు.

మొదటి వారం ఏమీ చెరపనివ్వకు. ఏం చెరుపుతుందో చెప్పించుకో, అంతే. ఆర్‌సింక్‌లో డ్రై రన్ ఉంది, విండోస్‌లో కమాండ్లు రాసే పవర్‌షెల్‌లో చాలా కమాండ్లకి వాట్ ఇఫ్ ఉంది. ఆ జాబితా నీ కళ్లతో చదువు. తర్వాత కూడా చెరిపే బదులు పక్క ఫోల్డర్‌లోకి జరిపించు, నెల తిరిగాక నువ్వే చెరుపుకో.

చేత్తో నడిపితే నడిచి, రాత్రి నడవకపోతే కంగారుపడకు. క్రాన్‌కి నీ టెర్మినల్ సెట్టింగులు తెలియవు, దాని పాత్, అంటే ప్రోగ్రాముల కోసం అది వెతికే చోట్ల జాబితా, చాలా పొట్టిది. అన్నిటికీ పూర్తి దారి రాయి. ఎన్ని ఫైళ్లు చూసింది, ఎన్ని జరిపింది అని రోజూ ఒక్క లైను మెయిల్ పంపించు. అంకె హఠాత్తుగా సున్నా అయితే లేచి చూడు. ఏ లైనూ రాకపోతే ఇంకా ముందు లేచి చూడు.

నీకు ఆరేళ్లప్పుడు నా కీబోర్డు మీటలన్నీ పీకి, అక్షరక్రమంలో పేర్చి మళ్లీ బిగించావు. చూడకుండా టైప్ చేసేదాన్ని కాబట్టి మర్నాటిదాకా గమనించలేదు. "ఇప్పుడు వెతుక్కోనక్కర్లేదత్తా" అన్నావు. కొట్టబోయి ఆగిపోయాను. ఎవరూ అడక్కుండానే ఒక పని సులువు చెయ్యాలనుకున్నావు, ఆ బుద్ధి నీలో ఇంకా ఉన్నందుకే నాకింత సంతోషం, ఇంత భయం. ఈసారి మాత్రం మీటలు పీకే ముందు నీతో పనిచేసేవాళ్లకి ఒక మాట చెప్పు.

స్క్రిప్టు నాకు పంపు. చదివి పెడతాను.

మీ అత్త

తా.క. మీ రిపోర్టులో సున్నాతో మొదలయ్యే నంబర్లున్నాయా? సీఎస్‌వీని (కామాలతో విడదీసిన ఫైలు) ఎక్సెల్‌లో మామూలుగా తెరిస్తే ఆ సున్నా ఎగిరిపోతుంది, 15 అంకెలు దాటిన నంబరులో మిగతావన్నీ సున్నాలైపోతాయి. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా తెప్పించుకో. తెలుగు పేర్లు పిచ్చి గీతల్లా కనిపిస్తే, పైథాన్‌లో ఆ ఫైలు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8-సిగ్ అని ఇవ్వు. పది వరసల ఫైలుతో ఇవాళే చూసి, ఏమొచ్చిందో రాత్రికి ఫోన్ చెయ్యి. పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.