యాపిల్ 2ఈలో 65816: ఆ ఉత్తుత్తి రీడ్‌ను ఆపవద్దు

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. పాత యాపిల్ 2ఈ కంప్యూటర్‌లోని 6502 కుటుంబపు ప్రాసెసర్ తీసేసి, అదే కుటుంబంలోని 16 బిట్ల ప్రాసెసర్ 65816తో నువ్వు తయారు చేసిన బోర్డు పెడితే డిస్కులు చక్కగా చదువుతోందనీ, రాయబోతే మాత్రం సెక్టార్లు పాడవుతున్నాయనీ రాశావు. డ్రైవ్ హెడ్ తుడవడం, మోటార్ వేగం సరిచేయడం ఇక మానెయ్యి. వాటి మీద నేనూ ఒకప్పుడు రెండు వారాలు పోగొట్టుకున్నాను. చదవడం బాగుండి రాయడం ఒక్కటే చెడితే, ముందు చూడవలసింది నీ బోర్డు మీది అడ్రస్ డీకోడింగ్, అంటే ప్రాసెసర్ పెట్టిన అడ్రస్ ఏ చిప్‌దో, ఏ కార్డుదో తేల్చే భాగం.

యాపిల్ సహ వ్యవస్థాపకుడు వోజ్నియాక్ రూపొందించగా 1978లో వచ్చిన, ఫ్లాపీ డ్రైవ్‌ను నడిపే డిస్క్ 2 కార్డులో ప్రత్యేకమైన కంట్రోలర్ చిప్ అంటూ ఏదీ లేదు. 256 బైట్ల ప్రామ్‌తో (ముందే రాసి ఉంచిన మెమరీ చిప్‌తో) నడిచే చిన్న సీక్వెన్సర్, అంటే అడుగులు వరుసగా వేసే సర్క్యూట్, ఒకటి ఉంటుంది. మిగిలిన పనంతా ప్రాసెసర్‌దే. ఒక్కో బిట్‌కు 4 మైక్రోసెకన్ల చొప్పున, సరిగ్గా 32 సైకిళ్లకొకసారి ప్రాసెసర్ తదుపరి బైటు అందించాలి. పైగా ఆ కార్డు మీది స్విచ్‌లు అడ్రస్‌ను మాత్రమే చూస్తాయి. వచ్చింది రీడా, రైటా అన్నది వాటికి పట్టదు. అసలు కథంతా ఇక్కడే ఉంది.

ఆరో స్లాట్‌లోని కార్డుకు బైటు పంపడానికి 'ఎస్‌టీఏ సి08డి, ఎక్స్' అనే ఆదేశం వాడతారు, అంటే హెక్స్ అడ్రస్ సి08డికి ఎక్స్ అనే ఇండెక్స్ రిజిస్టర్ విలువ (ఆరో స్లాట్‌కు హెక్స్ 60) కూడి, అక్కడ బైటు రాయమని. 6502లో దీనికి ఎప్పుడూ 5 సైకిళ్లు పడతాయి. నాలుగో సైకిల్‌లో ప్రాసెసర్ ఇండెక్స్ కూడిన అడ్రస్‌ను, అంటే సి0ఇడిని, బస్ మీద పెట్టి ఒక ఉత్తుత్తి రీడ్ చేస్తుంది. ఐదో సైకిల్‌లో అదే అడ్రస్‌కు బైటు రాస్తుంది. ప్రాసెసర్‌కు ఆ రీడ్‌తో పని లేకపోయినా కార్డుకు పని ఉంది. ఈ అడ్రస్ తాకితే మారే క్యూ6 స్విచ్ ఆ నాలుగో సైకిల్‌లోనే మారిపోతుంది కనుక, బైటు డేటా బస్ మీదికి వచ్చేసరికి సీక్వెన్సర్ దాన్ని అందుకునే లోడ్ స్థితికి సిద్ధమై ఉంటుంది.

65816 కూడా ఆ రీడ్ చేస్తుంది, కానీ ఆ సైకిల్‌లో వీడీఏ, వీపీఏ అనే పిన్నులు రెండింటినీ లో చేసి, ఈ అడ్రస్‌ను నమ్మవద్దని బయటికి చెబుతుంది. మామూలుగా ఆ మాట వినడమే మంచి డిజైన్. 6522 వంటి ఇన్‌పుట్-అవుట్‌పుట్ చిప్‌లో ఉత్తుత్తి రీడ్ ఇంటరప్ట్ ఫ్లాగ్‌ను చెరిపేయగలదు గనుక నువ్వు ఆ రెండు పిన్నులతో డీకోడర్‌ను కట్టడి చేయడంలో తప్పు లేదు. అయితే యాపిల్ 2 డిస్కుల విషయంలో మాత్రం వాటితో అడ్రస్‌ను వడకట్టరాదని 65816 డేటాషీట్‌లోనే ఒక పేరా ఉంది. ఎంత చిన్న పేరా అంటే, కళ్లు దాని మీదుగా జారిపోతాయి. చదివే లూప్‌లో బైటు తెచ్చే ఎల్‌డీఏ ఆదేశానికి, అడ్రస్ పేజీ (256 బైట్ల భాగం) దాటనంతవరకు ఉత్తుత్తి రీడ్ ఉండదు. అందుకే నీకు చదవడంలో లోపం కనిపించలేదు.

కాబట్టి సున్నా బ్యాంకులోని (65816 మెమరీలో మొదటి 64 కేబీలోని) సి0 పేజీని ఆ కట్టడి నుంచి తప్పించు. మిగతా చోట్ల ఉంచుకో. మార్చిన తర్వాత డ్రైవ్‌లో డిస్కు లేకుండా ఆ ఎస్‌టీఏను ఒక లూప్‌లో తిప్పి, స్లాట్ 41వ పిన్ అయిన డివైస్ సెలెక్ట్ (కార్డును ఎంచుకునే సంకేతం) మీద ప్రోబ్ పెట్టి చూడు. వెంటవెంట సైకిళ్లలో రెండు లో పల్సులు రావాలి. ఒక్కటే వస్తే కట్టడి ఇంకా తొలగలేదన్నమాట.

డిస్కు రొటీన్లు నడుస్తున్నంతసేపు 65816 ఎమ్యులేషన్ మోడ్‌లోనే, అంటే 6502లా ప్రవర్తించే స్థితిలోనే, ఉండాలి. ఇండెక్స్ రిజిస్టర్లు 16 బిట్లయితే ఎల్‌డీఏకూ ఒక సైకిల్ అదనంగా పడుతుంది, అప్పుడు చదివే లూపుల లెక్క కూడా తప్పుతుంది. ముందుముందు క్లాక్ పెంచే ఆలోచన ఉంటే, మోటార్ ఆన్ చేసే సి0ఇ9ని ఎవరైనా తాకగానే బోర్డు 1.023 మెగాహెర్ట్జ్‌కు దిగిపోయేలా చెయ్యి. 1986 నాటి యాపిల్ 2జీఎస్ కూడా డిస్క్ మోటార్ తిరుగుతుండగా ఇలాగే వేగం తగ్గించుకునేది.

రాసి చూసే పరీక్షలన్నీ ఖాళీ డిస్కు మీదనే చెయ్యి. పాత డిస్కుల మీద పొరపాటున రాయకుండా, వాటి అంచున ఉన్న గంటును ముందే టేపుతో మూసి పెట్టు. ప్రోబ్ మీద ఏం కనిపించిందో వెంటనే రాయి.

ఆశీస్సులతో,
మామయ్య