బాడుగకున్న ఇంటినే కొనమంటున్నారు, కొనొచ్చా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో తొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో బాడుగకు ఉంటున్నాం. నెలకు 11 వేలు, అడ్వాన్స్ 50 వేలు. మొదట్లో రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంట్ తప్ప మళ్లీ ఏదీ రాసుకోలేదు. ఓనరు గారు పక్క వీధిలోనే ఉంటారు. పోయిన బ్రహ్మోత్సవాలకు మా చుట్టాలు వచ్చి నాలుగు రోజులుంటే, మోటరు అదే పనిగా ఆడుతోందని మాటన్నారు. అప్పటి నుంచి మా ఆవిడ సొంతిల్లు కావాలని పట్టుబట్టింది. ఇప్పుడు ఆయనే ఈ ఇంటిని 48 లక్షలకు మీరే తీసుకోండి, లేదంటే వేరేవాళ్లకు అమ్మేస్తా అంటున్నారు. 10 లక్షలు ముందు ఇస్తే వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ అగ్రిమెంట్ రాసిస్తారట. ఆ రోజు నుంచి బాడుగ ఇవ్వనక్కర్లేదట. రిజిస్ట్రేషన్ మాత్రం ఏడాది తర్వాతట. స్థలం 24 అంకణాలు. వాళ్ల నాన్న సొంత డబ్బుతో కొని కట్టించిన ఇల్లు. తల్లిదండ్రులిద్దరూ పోయారు. ఆయనకు ఇద్దరు చెల్లెళ్లు. "వాళ్లకు పసుపు కుంకుమ కింద పెళ్లప్పుడే ఇచ్చేశాం" అంటున్నారు. మా ఇద్దరి జీతాలు కలిపి 70 వేలు, చేతిలో 9 లక్షలు ఉన్నాయి. కొనమంటారా, బాడుగకే ఉండమంటారా? ఇన్నేళ్లు ఉన్నందుకు ఇంటి మీద మాకేమైనా హక్కు వస్తుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఆయన చెప్పిన పద్ధతిలో అయితే కొనవద్దు. ఎందుకో చెప్పేముందు మీ చివరి సందేహం తీర్చేస్తాను, అది చిన్నది. హక్కు రాదు. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు మనదే అయిపోతుందని చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. అది బాడుగదారులకు వర్తించదు. మీరు ఓనరు అనుమతితో ఇంట్లోకి వచ్చారు, నెలనెలా బాడుగ ఇస్తూ ఆయన్ని ఓనరుగా ఒప్పుకుంటూనే ఉన్నారు. తొమ్మిదేళ్లయినా, తొంభై ఏళ్లయినా అంతే.

అలాగని మీ చేతిలో ఏమీ లేదనుకోకండి. మీ పదకొండు నెలల కాగితం సంగతి ముందు చూద్దాం. ఏడాదికి లోపైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే లెక్కతో అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. దేశంలో చాలాచోట్ల ఆ లెక్క సరైనదే. మన రాష్ట్రంలో మాత్రం 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, ఎన్ని నెలలదైనా సరే, రాసుకున్న లీజును రిజిస్టర్ చేయాల్సిందేనన్నారు. పాతికేళ్లు దాటినా ఆ సంగతి జనానికి చేరలేదు, జిరాక్స్ సెంటర్లలో ఆ పదకొండు నెలల నమూనా ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. అందువల్ల మీది చట్టం దృష్టిలో నెలవారీ బాడుగ. మిమ్మల్ని ఖాళీ చేయించాలంటే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. మీరు కదలకపోతే కోర్టుకు వెళ్లాలి. సామాను బయట పడేయడం, తాళం వేయడం, కరెంటు తీసేయడం ఆయన హక్కులో లేవు. ఒకవేళ బలవంతంగా బయటికి పంపితే, ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి స్వాధీనం కోరవచ్చు. నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ ఉన్నది అందుకే. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు.

"వేరేవాళ్లకు అమ్మేస్తా" అన్నదీ అంతే. అమ్ముకోనివ్వండి. కొన్నవారు ఆయన స్థానంలోకి వస్తారు, మీ బాడుగ వారి కింద సాగుతుంది. వారికి మీరు వద్దనుకుంటే వారూ నోటీసు దారిలోనే రావాలి. మీరు జాగ్రత్తపడాల్సింది ఆ 50 వేల అడ్వాన్స్ గురించి. పాతాయన కొత్తాయన్ని అడగమంటాడు, కొత్తాయన పాతాయన్ని అడగమంటాడు. అమ్మకం మాట వచ్చిన రోజే, ఎవరు తిరిగి ఇస్తారో ఒక ముక్క రాయించుకోండి. తొమ్మిదేళ్లుగా బాడుగ చేతికిస్తున్నట్లయితే, ఈ నెల నుంచైనా ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో పంపండి.

ఇక ఆ నోటరీ అగ్రిమెంట్. అమ్మకం ఒప్పందం ఒక్కటే ఆస్తి మీద ఏ హక్కూ ఇవ్వదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ సూటిగా చెబుతుంది. అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) లాంటి కాగితాలతో ఇల్లు చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. నోటరీ ముద్ర చెప్పేది ఈ సంతకం ఈయనే పెట్టారని, అంతే. పైగా మన దగ్గర అమ్మకం ఒప్పందాన్ని కూడా రిజిస్టర్ చేయాల్సిందే, అదీ 1999 సవరణే. చేయకపోయినా, రిజిస్ట్రేషన్ చేసివ్వమని వేసే దావాలో దాన్ని సాక్ష్యంగా చూపవచ్చు. కానీ అక్కడా ఇంకో చిక్కుంది. ఇల్లు మీ స్వాధీనం చేశామని అందులో రాస్తే, దానికి అమ్మకం దస్తావేజుకు పడేంత స్టాంపు డ్యూటీ పడుతుంది. వంద రూపాయల స్టాంపు మీద ఉన్న అలాంటి కాగితాన్ని కోర్టు పక్కన పెట్టి, కట్టాల్సిన డ్యూటీతో పాటు పదిరెట్ల దాకా పెనాల్టీ వేయవచ్చు.

నాకు అన్నిటికంటే భయం వేసింది "బాడుగ ఇవ్వనక్కర్లేదు" అన్న మాట దగ్గర. వినడానికి ఎంత బాగుందో చూడండి, నెలకు 11 వేలు మిగులు! ఆ రోజు నుంచి మీరెవరు? బాడుగ ఆపేశారు కాబట్టి బాడుగదారు కాదని ఆయన వాదిస్తారు. రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి ఓనరూ కాదు. రిజిస్టర్ కాని ఒప్పందాన్ని పట్టుకుని ఆస్తి బదిలీ చట్టం 53-ఎ సెక్షన్ కింద స్వాధీనం కాపాడుకునే వీలు 2001 సవరణతో పోయింది. ఇలాంటి తగాదా వచ్చినప్పుడు కోర్టులు అగ్రిమెంటులో ఏం రాసుకున్నారో చూసి, బాడుగ సంబంధం ముగిసిందో లేదో తేలుస్తాయి. కాబట్టి ఎలాంటి ఒప్పందం రాసుకున్నా, రిజిస్ట్రేషన్ రోజు దాకా బాడుగ యథాతథంగా నడుస్తుందన్న ఒక్క వాక్యం ఉండి తీరాలి. ఆ 11 వేలు మీకు కవచం. ఉచితంగా వదిలేస్తానంటే వద్దనండి.

అసలు ఏడాది ఎందుకు? టైటిల్, అంటే యాజమాన్య హక్కు, శుభ్రంగా ఉన్న మనిషి డబ్బు రాగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వస్తాడు. రాలేనంటున్నాడంటే ఏదో అడ్డం ఉంది. మీ ఉత్తరంలోనే ఆ అడ్డం కనిపిస్తోంది. తండ్రి స్వార్జితం, తల్లి కూడా లేరు, ఇద్దరు చెల్లెళ్లు. తండ్రి వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఈ ఇంట్లో ముగ్గురికీ మూడో వంతు చొప్పున వాటా ఉంది. పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చారో, బంగారం పెట్టారో, అది పెళ్లినాటి కానుక. దానివల్ల తండ్రి ఆస్తిలో వాటా రద్దు కాదు. ఇది 2005 సవరణతో వచ్చిన కొత్త హక్కు కూడా కాదు, తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నుంచే ఉంది. అన్న ఒక్కడే సంతకం పెడితే మీకు వచ్చేది ఆయన మూడో వంతే, ఇచ్చేది మాత్రం పూర్తి 48 లక్షలు. తర్వాత ఏ చెల్లెలో, ఆమె పిల్లలో విభాగ దావా (ఆస్తి పంచమని వేసే కేసు) వేస్తే, కుటుంబ ఇంట్లో వాటా కొన్న బయటివాడిగా మిగతావారితో కలిసి ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా మీకు లేదని ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ అడ్డొస్తుంది. ఈ ఊళ్లో కోర్టుకొచ్చే ఇళ్ల తగాదాల్లో చెల్లెలి సంతకం లేని దస్తావేజులు నేను చూసినన్ని ఇంకేవీ చూడలేదు. చెల్లెళ్లు మంచివాళ్లే, అన్నంటే ప్రాణం. ధర పెరిగాక ఆ ప్రాణం ఎంత నిలుస్తుందో చెప్పలేం.

తిరుపతిలో ఇంకో పరీక్ష తప్పదు. ఊళ్లోనూ చుట్టుపక్కలా మఠం భూములు, దేవస్థానం భూములు, ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ (అసైన్డ్ భూమి) పట్టాలు ఉన్నాయి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును తీసుకోరు. అలాంటి చోట్ల నోటరీ కాగితాల మీదే ఇళ్లు చేతులు మారుతుంటాయి. అందుకే నోటరీ అనగానే నాకు ముందు ఈ అనుమానం వస్తుంది. తండ్రి గారు కొన్న రిజిస్టర్డ్ మూల దస్తావేజు చూపించమనండి. అదీ నోటరీ కాగితమే అయితే ఇక మాట్లాడుకోవాల్సింది లేదు. కొలత కూడా సరిచూసుకోండి. మన దగ్గర అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి 24 అంకణాలంటే 864 అడుగులు, అంటే 96 గజాలు. నెల్లూరు చుట్టాలను సలహా అడిగితే వాళ్ల అంకణం 72 అడుగులు, లెక్క రెట్టింపు చెబుతారు!

కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయనుకుని ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. ఈ శ్రేణి గృహరుణాల్లో బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వవచ్చు, అంటే 38.4 లక్షలు. మీ వాటా 9.6 లక్షలు. దానికి తోడు ఇంటి ధర మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. 48 లక్షల మీద 3.6 లక్షలు. దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. మొత్తం 13.2 లక్షలు మీ చేతిలోంచి పోవాలి, మీ దగ్గరున్నవి 9. పాత కట్టడానికి బ్యాంకు వాల్యూయర్ 48 లక్షల విలువ కట్టకపోతే ఇంకా పెరుగుతుంది.

వడ్డీ 8.5 శాతం, గడువు ఇరవై ఏళ్లు అనుకుంటే ఈఎంఐ 33 వేల పైచిలుకు. అందులో మొదటి నెల వడ్డీయే 27 వేలు, అసలుకు జమయ్యేది ఆరు వేలు. "బాడుగ కడితే డబ్బు బూడిదలో పోసినట్టే" అనేవాళ్లు ఈ 27 వేల గురించి మాట్లాడరు. అదీ తిరిగిరాని డబ్బే, ఓనరుకు బదులు బ్యాంకుకు పోతుంది. ఆదాయపన్ను మినహాయింపు వస్తుంది కదా అంటారు. సొంతానికి ఉండే ఇంటి రుణవడ్డీ మీద ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే, కొత్త విధానంలో లేదు.

సొంతిల్లు వద్దని కాదు నేననేది. బాడుగ ఏటా పెరుగుతుంది, ఈఎంఐ వడ్డీ రేటును బట్టి కొద్దిగా అటూఇటూ అయినా దాదాపు అక్కడే ఉంటుంది. పదేళ్ల తర్వాత 33 వేలు ఇంత బరువుగా అనిపించదు. ఫ్లోటింగ్ వడ్డీ (రేటు మారుతూ ఉండే) రుణాన్ని ముందే తీర్చినా పెనాల్టీ ఉండదు కాబట్టి, చీటీ డబ్బు వచ్చినప్పుడల్లా అసలు తగ్గించుకోవచ్చు. పిల్లల బడి మధ్యలో ఖాళీ చేయమనే టెన్షన్ ఉండదు. చుట్టాలు కొండకు వచ్చినప్పుడు మోటరు ఎంతసేపైనా ఆడించుకోవచ్చు, కరెంటు బిల్లు మీదే కాబట్టి. మీ ఆవిడ మాటలో న్యాయం ఉంది. అయితే ఈ ఊళ్లో మీ ఇద్దరి ఉద్యోగాలు కనీసం ఏడెనిమిదేళ్లు నిలుస్తాయనే నమ్మకం ఉండాలి. రెండేళ్లలో అమ్ముకుని పోవాల్సివస్తే, 3.6 లక్షల రిజిస్ట్రేషన్ ఖర్చు, కట్టిన వడ్డీ రాబట్టుకోవడం కష్టం.

మీ స్థానంలో ఉంటే నేను ఆయన అడుగుతున్న ఏడాదిని ఆయనకే ఇస్తాను, 10 లక్షలు లేకుండా. ఈ ఏడాదిలో చెల్లెళ్లతో తమ వాటా వదులుకుంటున్నట్టు రిజిస్టర్డ్ విడుదల దస్తావేజు రాయించుకురమ్మనండి, లేదా అమ్మకం దస్తావేజులో వాళ్లిద్దరూ అమ్మేవారుగా సంతకం పెట్టాలనండి. ఈలోపు రెండు మూడేళ్లకు రిజిస్టర్డ్ లీజు అడగండి. ఏటా బాడుగ ఎంత పెరుగుతుందో, ఇల్లు అమ్మేటప్పుడు ముందు మిమ్మల్నే అడగాలన్నదీ అందులో రాయించండి. రాయకపోతే అలా అడిగించుకునే హక్కు బాడుగదారుకు దానంతటదే రాదు. ఇంట్లో మాత్రం ఈ నెల నుంచే ఈఎంఐ కడుతున్నట్టు ఉండండి. 33 వేలల్లో బాడుగ పోగా మిగిలే 22 వేలు ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వేయండి. ఏడాది తిరిగేసరికి 2 లక్షల 64 వేలు అసలే కూడుతుంది. ఆరు నెలలకే ఆర్‌డీ ఆపేయాల్సివస్తే ఈ ఇల్లు మీ జీతాలకు ఎక్కువని అప్పు లేకుండానే తెలిసిపోతుంది.

టోకెన్ అడ్వాన్స్ ఇవ్వక తప్పకపోతే, లక్షో రెండు లక్షలో బ్యాంకు ద్వారా ఇవ్వండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. ఒప్పందంలో రిజిస్ట్రేషన్‌కు తేదీ వేయించండి. ఆ తేదీ దాటితే దావా వేయడానికి మూడేళ్లే గడువు, పైగా మిగతా డబ్బుతో మీరు సిద్ధంగా ఉన్నారని చూపించుకోవాలి.

సంతకం ఏదైనా పెట్టేముందు తండ్రి గారి మూల దస్తావేజు, ఆయన మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), ఇంటిపన్ను రసీదు తెప్పించుకుని మీ వకీలుకు చూపించండి. ఈసీ శుభ్రంగా ఉందని ఊరుకోకండి, రిజిస్టర్ కాని వీలునామాలు అందులో కనిపించవు. బ్యాంకు లీగల్ ఒపీనియన్ ఉందిగా అనకండి, అది బ్యాంకు అప్పు కోసం తీసుకున్నది. వీలైతే చెల్లెళ్లిద్దరితో మీరే ఒకసారి ఫోన్లో మాట్లాడండి. ఆ నంబర్లు ఇవ్వడానికి ఓనరు గారు వెనకాడితే, బాడుగ కడుతూ వేరే ఇల్లు చూసుకోండి.