దస్తావేజులో పేరు లేనివాళ్ళు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం, పత్రికకి పంపనా అని అడుగుతూ జత చేసిన కథ అందాయి. మడ అడవిని ఆనుకుని ఒక ఊరు, కాలువ చివరి చేలు, వాటిని ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ వచ్చే పర్యావరణ సంస్థ. మంచి వస్తువు పట్టుకున్నావు. మన గోదావరి వైపు భూమి అమ్మకాల మీద కథలకు కొదవలేదు. వాటిలో కొన్నవాడు చెరువు తవ్వుతాడు, ప్లాట్లు వేస్తాడు, లేదా తనే సాగు చేసుకుంటాడు. కొన్న చేనుని పక్షులకీ చెట్లకీ వదిలేస్తామని వచ్చేవాళ్ళుంటే ఊరికి ఏమవుతుందన్నది కొత్త ప్రశ్న. తొందరపడి దాన్ని పాడుచేసుకుంటావేమోనని ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నీ కథలో సంస్థవాళ్ళందరూ చెడ్డవాళ్ళే. కార్లలో దిగుతారు, ఊరివాళ్ళ మొహం కూడా చూడరు. అలా రాయకు. ఆ పనిని ప్రాణం పెట్టి చేసేవాళ్ళు ఉంటారు, వాళ్ళ వాదనలో బలం ఉంది. 1996 నవంబరు 6న తుఫాను కాకినాడకి దక్షిణాన తీరం దాటినప్పుడు కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా పడిపోయాయో, భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ళ నుంచి వేటకి వెళ్ళినవాళ్ళు ఎందరు తిరిగి రాలేదో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. ఉప్పెన జోరుని మడ అడవి తగ్గిస్తుందని తీరం మనుషులకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కోరంగిలో 1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల మేరలో మడ, తిల్ల చెట్ల వేళ్ళ మధ్యే రొయ్య పిల్లలూ పీత పిల్లలూ పెరుగుతాయి. వేట మీద బతికే వేల ఇళ్ళకి అదే ఆధారం. నీటిపిల్లి తిరిగేది అక్కడే. హోప్ ఐలాండ్ ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి. రొయ్యల చెరువులు తీరాన్ని ఆక్రమించుకుంటూ పోతే చివరికి సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో వాటి మీద గట్టి తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. ఇదంతా తెలిసిన కుర్రాడు ఒకడు, ఆ ఊళ్ళోనే పుట్టినవాడు, సంస్థలో పక్షుల లెక్క రాసే ఉద్యోగంలో ఉన్నాడనుకో. సంస్థ కొన్న చేలో అతని మేనమామ కౌలుదారు అనుకో. నీ కథకి కావలసిన మనిషి అతనే.

అమ్మినవాడినీ తిట్టకు. కాలువ చివరి చేనుకి దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు అందవు. వేసవిలో సముద్రపు పోటు మురుగు కాలువల్లోకి ఎగదన్ని చౌడు తెస్తుంది. పక్కవాడు చెరువు తవ్వితే ఉప్పు ఊట ఇటు దిగుతుంది. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో. 2011లో కోనసీమ రైతులు పెట్టుబడి కూడా రావడం లేదని పంట విరామం ప్రకటించి సార్వాకి, అంటే తొలకరి పంటకి, వేలాది ఎకరాలు బీడు పెట్టారు. ఆ కష్టం చూసిన తరమే ఇప్పుడు నీ కథలో చేను అమ్ముతోంది. నష్టమే తప్ప లాభం ఇవ్వని చేనుకి ఎవరో మంచి ధర ఇస్తామంటే సంతకం పెట్టడం అతని హక్కు. అతని సంగతి రెండు పేరాల్లో తేల్చెయ్, చాలు.

ఎందుకంటే ఇది అతని కథ కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ రోజు అమ్మేవాడు, కొనేవాడు, సాక్షులు, దస్తావేజు లేఖరి ఉంటారు. ఆ చేను మీద బతికేవాళ్ళు మాత్రం ఒక్కరూ ఉండరు. నువ్వు రాయాల్సింది వాళ్ళ గురించి. నీ కథలో వాళ్ళంతా "గ్రామస్థులు" అనే గుంపుగా వచ్చి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయారు.

ఒక్కొక్కరినీ విడదీసి చూడు. మన జిల్లాల్లో చేను ఒకరిదీ సాగు ఇంకొకరిదీ కావడం మామూలే. ఎకరానికి ఇన్ని బస్తాలు మక్తా అని గట్టు మీద నిలబడి అనుకుంటారు, కాగితం ఉండదు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కింద 11 నెలలకి కౌలుదారుకి కార్డు ఇస్తారు, ఆ కార్డుతో పంట రుణం, బీమా అడగొచ్చు. కానీ యజమాని ఒప్పుకుంటేనే కార్డు. ఆ కార్డు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉన్నా, సంతకం పెడితే చేను పోతుందేమోనని టెన్షన్ పడే యజమానులు చాలామంది. కాబట్టి చేను అమ్ముడుపోయిన రోజు ఆ కౌలుదారు ఎన్నో ఏళ్ళుగా దున్నుతున్నాడన్నదానికి ఎక్కడా ఆధారం దొరకదు. పశువుల ఎరువు తోలి, మెరకా పల్లం సరిచేసి, చౌడు కడిగి ఆ నేలని నిలబెట్టింది అతను. ధరలో అతనికి పైసా రాదు.

అక్కడితో ఆగదు. ఎరువుల కొట్టులో అతనికి ఖాతా ఉంటుంది. రాబోయే పంట మీద నమ్మకంతో ఇచ్చిన అప్పు అది. చేను పోయిందని ఊళ్ళో తెలిశాక కొట్టతను గొడవ పడడు. "ఏం బాబాయ్, ఎలాగ మరి?" అని అడుగుతాడు, అంతే. ఇంటికొచ్చి ఆ మాట భార్యకి చెప్పాలా వద్దా అని కౌలుదారు తేల్చుకోలేకపోతాడు. నీ కథలో సంస్థ బోర్డు పాతే సీనుకి పేజీన్నర ఇచ్చావు. ఆ పేజీన్నర ఇక్కడికి తీసుకురా.

తరవాత ఊడ్పుల ఆడవాళ్ళు. ముఠా కట్టి, ఎకరాకి ఇంత అని మాట్లాడుకుని దిగుతారు. కోత మిషన్లు వచ్చాక కోత కూలి చాలామటుకు పోయింది, ఊడ్పులే మిగిలాయి. పాతిక ఎకరాలు సాగులోంచి తప్పుకుంటే ముఠా చెదిరిపోదు, ఇద్దరు ముగ్గురికి పని తప్పుతుంది. ఆ తప్పేది వయసు మళ్ళినవాళ్ళకి, చంటిపిల్లల తల్లులకి. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దింపుకునేవాళ్ళున్నారు. పరిగె ఏరుకునే ముసలమ్మలున్నారు. గట్టు గడ్డి కోసుకొచ్చి ఒక్క గేదెని మేపుకునే ఇళ్ళున్నాయి. చేను సాగులో ఉన్నంతకాలం గట్టు మీద గడ్డి ఎవరిదని ఎవరూ అడగరు. కంచె పడ్డాక అడుగుతారు. వరిగడ్డీ దాణా రెండూ కొని మేపితే పాల డబ్బులు వాటికే సరిపోతాయి. కొన్నాళ్ళు చూసి గేదెని అమ్మేస్తారు. ఆ ఇంట్లో పిల్లకి కాలేజీ ఫీజు ఆ పాల మీదే వస్తోందని సంస్థకి తెలిసే అవకాశమే లేదు. ఎందుకంటే వాళ్ళు మాట్లాడింది యజమానితో. నువ్వు మాత్రం ఆ ఇంటికి వెళ్ళి కూర్చో.

నీ కథలో అసలు కనబడనిది ఇంకొకటి ఉంది. నీళ్ళు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచీ ఈ డెల్టాలో ఏ చేనూ ఒంటరిగా లేదు. పై చేలోంచి కింది చేలోకి, అక్కడి నుంచి బోదె అనే పిల్ల కాలువలోకి, బోదె నుంచి మురుగు కాలువలోకి, అక్కడి నుంచి సముద్రానికి. వరసలో ఒకరు తప్పుకుంటే మిగతావాళ్ళకి తెలుస్తుంది. సంస్థ తన చేను గట్టు తెంచి పోటు నీళ్ళు రానిస్తే మడ మొక్క లేస్తుంది, సరే. ఆ ఉప్పు పక్క చేలోకి దిగకుండా ఎవరు ఆపాలి? బోదెలో పూడిక తీయడానికి రైతులు తలా కొంత వేసుకుంటారు. సాగు మానేసిన చేల దగ్గర తూడు, గుర్రపుడెక్క పేరుకుంటే అక్టోబరు వానలకి పైవాళ్ళ పంట మునుగుతుంది. పంట మునిగిన రైతు తన చేనూ అమ్మకానికి పెడతాడు. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ మోసం చేయలేదు, అయినా చేలు పోతూనే ఉంటాయి. రొయ్యల చెరువులు విస్తరించిన తీరు మనం చూసిందే కదా. ఒకరు తవ్వితే ఊట వల్ల పక్కవారికి వరి పండదు, వాళ్ళూ తవ్వుతారు. కొన్నవాళ్ళ ఉద్దేశం మంచిదైనంత మాత్రాన నీళ్ళు దారి మార్చుకోవు.

ఇంగ్లండులో ఎసెక్స్ తీరాన వాలసీ అనే దీవిలో సముద్రపు గట్ల వెనక పొలాలుండేవి. ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షుల సంరక్షణ సంఘం ఆ నేల తీసుకుని మళ్ళీ ఉప్పునీటి చిత్తడిగా మార్చింది. లండన్ కింద రైలు సొరంగాలు తవ్వినప్పుడు వచ్చిన మట్టి దాదాపు 30 లక్షల టన్నులు పడవల మీద తెచ్చి, నేల ఎత్తు పెంచి, అప్పుడు 2015లో గట్టు తెంచారు. మన దగ్గర అంత సన్నాహం ఎవరు చేస్తారు, ఖర్చు ఎవరు పెడతారు? ఈ ప్రశ్న నీ కథలో ఎవరో ఒకరు అడగాలి. లాకుల దగ్గర పనిచేసే లస్కరు అడిగితే బాగుంటుంది. నీటి సంగతి అతనికి తెలిసినంత ఇంజనీరుకీ తెలియదు.

బయటి దేశాల సంగతులు చదివావని కథ చూస్తే తెలుస్తోంది. చదవడం మంచిదే, తెచ్చి అతికించకు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో 2001లో పుట్టిన అమెరికన్ ప్రెయిరీ అనే సంస్థ 2004 నుంచీ పశువులని మేపే పెద్ద కమతాలు కొని, బైసన్ అనే అడవి దున్నలని వదులుతోంది. అమ్మేవాళ్ళు ఇష్టపడే అమ్మారు. అయినా చుట్టుపక్కల పశుపోషకులు కౌబాయ్‌ని కాపాడండని రోడ్ల పక్కన బోర్డులు పెట్టారు. ఇళ్ళు తగ్గితే బడి, దుకాణం నిలబడవన్నది వాళ్ళ భయం. చిలీలో చకాబుకో లోయని టాంప్‌కిన్స్ దంపతుల సంస్థ 2004లో కొని, గొర్రెలని అమ్మేసి, కంచెలు పీకించింది. గొర్రెల కాపరుల్లో కొందరు అక్కడే పార్కు ఉద్యోగులయ్యారు, 2018లో ఆ భూమి చిలీ ప్రభుత్వానికి జాతీయ పార్కు కోసం దక్కింది. మోంటానాలో అమ్మింది చాలామటుకు ఆ నేల మీద పశువులని పెంచినవాళ్ళే. మన దగ్గర అమ్మేవాడు ఒకడు, చేను పోగొట్టుకునేవాడు ఇంకొకడు. ఈ తేడాని వదిలేస్తే మోంటానా కథకి తెలుగు పేర్లు పెట్టినట్టే ఉంటుంది.

అలాగని కొనడమే అన్నిటికన్నా అన్యాయమనీ అనుకోకు. మన డెల్టాకి పడమటి అంచున కొల్లేరు ఉంది. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం అన్నారు. జిరాయితీ భూములూ, అంటే రైతుల సొంత పట్టా భూములూ, అందులోకి వచ్చాయి. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుని పెద్దవాళ్ళు ఆక్రమించుకున్న మాట నిజం, కొట్టాల్సిన గట్లు చాలా ఉన్నాయి. కానీ పట్టా చేతిలో ఉన్న చిన్న రైతుకి అటు స్వేచ్ఛగా వాడుకునే వీలూ లేదు, ఇటు ధరా రాలేదు. పరిహారం గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. కొనడంలో కనీసం ఒక ధర, ఒక సంతకం ఉంటాయి. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూళ్ళు కట్టిన గూడబాతుల్ని చూసి నాకు కలిగే సంతోషమూ నిజమే, ఆ రైతు బాధా నిజమే. రెండూ నీ కథలో పట్టాలి.

కొనకుండా చేసిన పనీ ఉంది. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అటవీ శాఖతో, ఊళ్ళ సంఘాలతో కలిసి ఇక్కడి పాడైన మడ భూముల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, పోటు నీళ్ళు లోపలికి పారేలా చేసి మొక్కలు నాటించింది. ఎవరి చేనూ పోలేదు. నీ పక్షుల లెక్క కుర్రాడికి ఈ సంగతి తెలిసి ఉంటుంది. అతను తన పై అధికారితో ఇదే మాట ఎత్తితే, అక్కడ నీకు అసలైన సంభాషణ దొరుకుతుంది.

చట్టం విషయంలో జాగ్రత్త. నీ సంస్థ ఒకే దెబ్బకి 400 ఎకరాలు కొంటుంది. 1973 భూసంస్కరణల చట్టం కింద ఒక కుటుంబం ఉంచుకోగలిగేది మాగాణి అయితే రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు. సంస్థలకి ఏం వర్తిస్తుందో ఒక లాయరుతో కూర్చుని తెలుసుకున్నాకే రాయి. లంకల్లో పేదలకిచ్చిన డి-పట్టా భూముల అమ్మకాలని నిషేధిస్తూ 1977 చట్టం ఉంది, ఆ మధ్య దానికి సవరణలూ వచ్చాయి. నీ కథలో ఆ భూమి కూడా మామూలు చేనులాగే చేతులు మారిపోయింది.

ఆఖర్న నువ్వు అడిగిన సంగతి. పత్రికకి ఇప్పుడే పంపకు. ఊడ్పుల రోజుల్లో ఒక వారం ఆ చివరి చేల ఊళ్ళో ఉండు. యజమానిని అడిగే ముందు కౌలుదారుని, అతన్ని అడిగే ముందు అతని భార్యని అడుగు, అప్పుల లెక్క ఆవిడ దగ్గరే ఉంటుంది. ఏ ఆదివారమైనా మా ఇంటికి రా. కౌలు మీద సాగు చేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు మా వీధిలోనే ఉన్నారు, పొద్దున్న పొలం నుంచి రాగానే నీతో కూర్చోబెడతాను. నోట్‌బుక్కు తెచ్చుకో, ఫోనులో రికార్డు చేయాలనుకుంటే ముందే వాళ్ళని అడుగు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు